కాలేయం లేని గంట

నేను బస్సు కండక్టర్ని. జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా విజయవాడ వెళ్ళే సర్వీసులో పద్నాలుగేళ్ళుగా టికెట్లు కొడుతున్నాను. పేరు తిరుపతమ్మ. నాకు నలభై నాలుగేళ్ళు. నా ఒంట్లో ఉన్న కాలేయం మాత్రం మా అక్క కోటేశ్వరిది.

ఈ సంగతి మా ఊళ్ళో చాలామంది చాలా రకాలుగా చెప్పుకుంటున్నారు. నేను చాటుగా తాగేదాన్నని కొందరు, అక్క ఏదో ఆశించి ఇచ్చిందని కొందరు, ఆపరేషన్ అయినవాళ్ళు ఎక్కువ కాలం ఉండరని ఇంకొందరు. నా కథ నేనే చెప్పుకుంటే తప్పులు తక్కువ దొర్లుతాయని రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఈపాటికి ఎక్కడో ఏదో ఆసుపత్రిలో ఒకామె స్కానింగ్ కవరు ఒళ్ళో పెట్టుకుని, పిలుపు కోసం బల్ల మీద కూర్చుని ఉంటుంది. ఆమె పక్కన కాసేపు కూర్చోవాలని ఉంది.

జూన్

ఆ వేసవంతా ఒళ్ళు బరువుగా ఉండేది. ఎండకేలే అనుకున్నాను. బస్సు చిల్లకల్లు దాటేసరికే మోకాళ్ళు లాగేవి. అరిచేతుల్లో, అరికాళ్ళలో దురద. టికెట్ మిషను పట్టుకున్న చేత్తోనే గోక్కునేదాన్ని. ఒకరోజు నందిగామ బస్టాండులో ఎక్కిన ఒక ముసలావిడ, టికెట్ అందుకోకుండా నా మొహంలోకే చూసింది.

"ఏంటమ్మాయ్, కళ్ళు అట్టా పచ్చగా ఉన్నాయి? అద్దంలో చూసుకోలా నువ్వు?"

డ్రైవర్ పక్కకెళ్ళి ఆయన అద్దంలోకి వంగి చూసుకున్నాను. నిజమే. మూడు వారాలుగా రోజూ అద్దంలో బొట్టు పెట్టుకుంటున్నాను, కళ్ళు మాత్రం చూసుకోలేదు.

సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను. అక్క నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. వత్సవాయి దగ్గర పల్లెలో బావతో కలిసి పత్తి, మిరప పండిస్తుంది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే నాకు జడలు వేసి బడికి పంపింది అక్కే. తెల్లారేసరికి మా ఇంట్లో ఉంది.

"కామెర్లకి ఇంగ్లీషు మందులు పనిచెయ్యవే. మా పక్కూళ్ళో పసరు పోసే ఆయనున్నాడు. మూడు ఆదివారాలు చాలు," అంది.

మూడు ఆదివారాలు వెళ్ళాం. పరగడుపున గ్లాసుడు పచ్చటి పసరు, ఆ తర్వాత చప్పిడి తిండి. నెల తిరిగేసరికి కళ్ళు కాస్త తేటపడ్డాయి. నేను నమ్మాను. ఎవరూ నా ముక్కు మూసి పొయ్యలేదు. ఆ మాట ఇక్కడే రాసి పెట్టాలి, ఎందుకంటే తర్వాత నేను మాట మార్చాను.

ఆగస్టు

కాళ్ళు చెప్పుల్లో పట్టలేదు. పొట్ట ఉబ్బింది. బస్సులో ఒకామె లేచి "కూర్చో తల్లీ, ఎన్నో నెల?" అని అడిగింది. కూర్చున్నాను. నిజం చెప్పే ఓపిక లేదు.

నందిగామలో ఒక కుర్ర డాక్టరు నా పిక్క ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది. ఆయన ఆ గుంటనే చూస్తూ విజయవాడకు చీటీ రాశాడు. అక్కడి పెద్ద డాక్టరు రిపోర్టులన్నీ చూసి, నా ఒంట్లోని కాపలా కణాలే నా కాలేయాన్ని శత్రువనుకుని ఏళ్ళ తరబడి కొరుకుతున్నాయని చెప్పారు. అది గట్టిపడి కుంచించుకుపోయిందట. తాగుడు వల్ల కాదు, అంటుజబ్బూ కాదు.

"పసరు తాగానండీ. దాని వల్లేనా?" అని అడిగాను.

"జబ్బు అంతకుముందే ఉందమ్మా. పసరు ఎంత చెడగొట్టిందో నేను చెప్పలేను. ఆ రెండు నెలలూ సరైన మందులు పడుంటే బాగుండేదని మాత్రం చెప్పగలను."

నాకు ఆ రెండో మాటే వినిపించింది. మర్నాడు అక్క చూడటానికి వచ్చింది. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే, మా ఆయన, పదో తరగతి చదివే మా అమ్మాయి హర్షిత, పక్కింటివాళ్ళు అందరూ ఉండగా అన్నాను.

"నన్ను చంపింది నువ్వే."

అక్క తెచ్చిన బెండకాయల సంచి అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. రెండు నెలలకు పైగా మా ఇద్దరికీ మాటల్లేవు.

డిపోలో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. లివర్ అనగానే మందు గుర్తొస్తుంది జనానికి. ఒకరోజు సిబ్బంది గదిలోకి వెళ్తుంటే నా పేరు, సీసా పేరు కలిపి వినిపించాయి. అక్కడే నిలబడ్డాను.

"నేను తాగను. మా ఇంట్లో ఎవరూ తాగరు. అనుమానం ఉన్నవాళ్ళు నా ముందే అడగండి."

ఎవరూ అడగలేదు. ఆ రోజు గెలిచాననుకున్నాను. అందులో తప్పేముందో ఆరు నెలల తర్వాత వేరే ఆమె నాకు నేర్పింది. అది దాని చోట రాస్తాను.

దసరా తర్వాత

అన్నిటికన్నా ఘోరమైన రోజులివే. పొట్టలో నీరు తీయించుకోవడం నొప్పే, కానీ దాన్ని తట్టుకోవచ్చు. బుర్ర నా చేతిలోంచి జారిపోవడం అలాంటిది కాదు.

మొదట కనిపెట్టింది హర్షిత. బడి కాగితం మీద నా సంతకం పట్టుకొచ్చి పాత సంతకం పక్కన పెట్టింది. కొత్తది చీమలు నడిచినట్టుంది. "నువ్వే పెట్టావా అమ్మా ఇది?" అంది. నేనే పెట్టాను, బాగానే పెట్టాననుకున్నాను.

తర్వాతి రోజుల గురించి నాకు గుర్తున్నది తక్కువ. మా ఆయన సాంబశివరావు చెప్పగా రాస్తున్నాను. ఆయన ఊరి బయట సిమెంటు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియను, నెమ్మదస్తుడు. ఒక మధ్యాహ్నం నేను వంటింట్లోంచి వచ్చి, బండి కదలాలి, టికెట్ తీసుకోమని ఆయన్ను గద్దించానట. ఆయన వాదించలేదు. కుర్చీలో సర్దుకుని కూర్చుని "నందిగామ ఒకటివ్వమ్మా" అన్నారట. ఉత్త చేత్తో టికెట్ చించి ఇచ్చానట. ఆయన దాన్ని జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నారట.

కాలేయం కడగాల్సిన విషం కడగకపోతే అది రక్తంలో కలిసి మెదడుకు ఎక్కుతుందని డాక్టర్లు చెప్పారు. దానికి మందు ఒక తియ్యటి సిరప్. రోజుకు మూడు నాలుగుసార్లు విరేచనం అయ్యేదాకా తాగాలి. ఒక్కోసారి మరుగుదొడ్డిదాకా వెళ్ళలేకపోయేదాన్ని. దుప్పట్లు మా ఆయన ఉతికారు. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత ఏడవడం మానేశాను. ఉతికేవాడికి లేని సిగ్గు పడుకున్నదానికి ఎందుకు? చదివేవాళ్ళలో ఆ సిరప్ తాగుతున్నవాళ్ళుంటే ఇదొక్కటి వినండి. మొహమాటానికి ఒక్క డోసు కూడా ఎగ్గొట్టొద్దు.

నవంబరు

హైదరాబాదులో కాలేయం మార్పిడి చేసే ఆసుపత్రికి చేరాం. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చే కాలేయం కోసం జాబితాలో పేరు రాశారు. అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, అంతదాకా నేనుంటానో లేదో అది కూడా చెప్పలేమన్నారు. ఇంట్లోవాళ్ళు ఎవరైనా సగం ఇవ్వగలిగితే మంచిది, అది ఇద్దరిలోనూ మళ్ళీ పెరుగుతుందన్నారు. మా ఆయన రక్తం గ్రూపు కలవలేదు. హర్షిత మైనరు, కాబట్టి ఆ మాటే రాలేదు. అందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

నాలుగో రోజు పొద్దున వార్డు గుమ్మంలో అక్క కనిపించింది. మా ఆయన నాకు చెప్పకుండా ఫోన్ చేశారు. అక్క మంచం దగ్గరకొచ్చి నా మొహం చూడకుండా, తలవైపు తగిలించిన చీటీ చూసింది.

"నీది ఓ పాజిటివ్వా?"

"ఊఁ."

"నాదీ అదే. మా ఊళ్ళో రక్తం ఇచ్చినప్పుడు కార్డిచ్చారు. నేనిస్తా."

నా నోరు ఊరుకోలేదు. "పాపం కడుక్కోడానికా?" అన్నాను.

అప్పుడు చూసింది నా కళ్ళలోకి. "నోర్ముయ్యవే. పాపమైతే అమ్మవారికి కొబ్బరికాయ కొట్టుకుంటా. దానికి పొట్ట కోయించుకుంటారా ఎవరైనా? నా చెల్లెలివి కాబట్టి ఇస్తన్నా. నువ్వు అన్నమాట నేనేం మర్చిపోలా. నువ్వు లేచి కూర్చున్నాక దాని సంగతి చూద్దాం."

పరీక్షలు చేశారు. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. అక్క కాలేయానికి కొవ్వు పట్టింది. కొవ్వున్న కాలేయాన్ని సగం తీసుకుంటే ఇటు నాకూ సరిగ్గా పనిచెయ్యదు, అటు అక్కకు మిగిలిందీ సరిపోదని డాక్టరు వద్దన్నారు. అక్క కదల్లేదు.

"అది కరుగుద్దాండీ?"

"కరుగుతుంది. కానీ మీరు చాలా బరువు తగ్గాలి. ఎనిమిది వారాల్లో తగ్గగలరా?"

"కరుగుద్దన్నారుగా. నేను చూసుకుంటా."

మా అక్క మూడు పూటలా అన్నం తినే మనిషి. పప్పులోకి నెయ్యి, పచ్చడిలోకి నెయ్యి, చివరికి పెరుగు గడ్డ. ఆ మర్నాటి నుంచి అన్నం మానేసింది. తెల్లవారుతూనే ఊళ్ళోంచి చేలగట్ల మీదుగా తారురోడ్డు దాకా వేగంగా నడిచి వెళ్ళి, మళ్ళీ వెనక్కి నడిచి, అప్పుడు పత్తి తీసే కూలీల దగ్గరకు వెళ్ళేది. దారిలో ఎవరో "ఏం కోటేశ్వరమ్మా, నడుం సన్నం చేస్తన్నావు, పెళ్ళిచూపులా?" అని అడిగితే, "నాక్కాదు, నా లివర్‌కి" అందట.

బావకు ఇదంతా ససేమిరా ఇష్టం లేదు. "ఇద్దరాడాళ్ళూ ఒకే రోజు కత్తి కింద పడుకుంటారా? నీకేమన్నా అయితే పత్తి ఎవరు తీయిస్తారు?" అన్నాడు. "నువ్వు తీయించు" అంది అక్క. వారం రోజులు ఆయన ఆవిడతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఆయన కంచంలో కూడా అన్నం కనిపించలేదు. అక్కకు చేసిన జొన్నరొట్టె, ఆకుకూరే తనకూ పెట్టమన్నాడు. "ఎదురుగా కూర్చుని నేను నెయ్యన్నం తింటే నీకెట్టా ఉంటుంది" అన్నాడట. సరేనన్న మాట ఆయన నోటి వెంట ఎప్పుడూ రాలేదు. నాకు అంతే చాలు.

ఈలోగా డిసెంబరులో నేను రెండు రోజులు స్పృహ లేకుండా పడి ఉన్నాను. బంధువులు కొందరు చివరి చూపుకు వచ్చి వెళ్ళారు. లేచాక వాళ్ళ పేర్లు అడిగి తెలుసుకున్నాను. మళ్ళీ ఎక్కడైనా ఎదురుపడితే నవ్వుతూ పలకరించాలని.

జనవరి

మళ్ళీ స్కాన్ చేసిన డాక్టరు తెరను రెండుసార్లు చూశారు. కొవ్వు దాదాపు పోయింది. అక్క తొమ్మిది కిలోలు తగ్గింది. రవికెలన్నీ వదులై పిన్నీసులు పెట్టుకుని వచ్చింది. తర్వాత ఆసుపత్రి కమిటీవాళ్ళు అక్కను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతం చేశారా అని అడిగారు. "నన్నా? మా ఆయన బయటే ఉన్నాడు. నన్ను బలవంతం చెయ్యగలిగిన మనిషి ఈ భూమ్మీద ఉన్నాడేమో ఆయన్నడగండి" అందట.

ఆపరేషన్‌కు ముందురోజు ఉదయం మత్తు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, ముప్పై అయిదు దాటని మనిషి. గుండె, ఊపిరితిత్తులు చూసి, నోరు తెరిపించి, కట్టుడు పళ్ళున్నాయా అని అడిగింది. అంతా అయ్యాక "మీరు హాయిగా నిద్రపోతారు. మిగతాది మేం చూసుకుంటాం" అంది.

"నిద్రపోయాక ఏం జరుగుద్దో చెప్పండి," అన్నాను.

మా ఆయన అడ్డొచ్చారు. "అవన్నీ ఆవిడకెందుకండీ, భయపడిపోద్ది."

"మీరుండండి. డాక్టరుగారూ, నేను కండక్టర్నండీ. బస్సులో నిద్రపోయేవాళ్ళని చాలామందిని చూశా. స్టేజీ దాటాక లేచి కంగారు పడతారు. నేనెక్కడెక్కడ ఆగి వెళ్తానో నాకు ముందే తెలియాలి."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. జేబులోంచి కాగితం తీసి మూడు గళ్ళు గీసింది. అరగంట చెప్పింది. ఇన్ని నెలల్లో నన్ను రోగిలా కాక మనిషిలా కూర్చోబెట్టి మాట్లాడింది ఆమె ఒక్కతే.

మొదటి గడి, పాత కాలేయాన్ని విడదీయడం. నా రక్తం సరిగ్గా గడ్డకట్టదు కాబట్టి అదే పెద్ద పని. రక్తం పోతోంది కదా అని సెలైను ఇష్టమొచ్చినట్టు ఎక్కించరట. రక్తనాళాలు ఉబ్బితే ఇంకా ఎక్కువ కారుతుంది. అందుకని ఒంటిని కొంచెం పొడిగానే ఉంచి, బీపీని మందులతో నిలబెడతారు.

రెండో గడి దగ్గర పెన్ను ఆపింది. "ఇక్కడ పాతది తీసేస్తారు. కొత్తది ఇంకా కలపరు. గంట, గంటంపావు. ఆ సేపు మీ ఒంట్లో కాలేయం ఉండదు."

"అసలే ఉండదా?"

"అసలు ఉండదు."

"మరి మనిషెట్టా బతుకుద్ది?"

"అప్పుడు దాని పనులు మేం చేస్తాం. కాలేయం ఒంటికి వేడినిస్తుంది. మేం వేడిగాలి దుప్పటి కప్పుతాం. చక్కెర దాచి కావలసినప్పుడు వదులుతుంది. మేం మాటిమాటికీ చూసి చక్కెర ఎక్కిస్తాం. రక్తంలో పులుపు, అంటే ఆమ్లం, పెరక్కుండా చూస్తుంది, అదీ కనిపెట్టుకుని ఉంటాం. మేం నలుగురం, ఇన్ని మిషన్లు కలిసి చేసినా, అది చేసే పనిలో కొంచెమే చెయ్యగలం. అందుకే గంట కన్నా ఎక్కువ సాగనివ్వం."

ఇన్నాళ్ళూ నేను నా కాలేయాన్ని తిట్టుకున్నాను. ఎవరికీ కనపడకుండా ఒక్కటే అన్ని పనులు చేసుకొచ్చిందని ఆ రోజు తెలిసింది.

"మూడో గడి?"

"కొత్త కాలేయంలోకి మీ రక్తం వదలడం. అప్పటిదాకా అది ఐసులో ఉంటుంది. అందులోంచి చల్లటి రక్తం, కొన్ని లవణాలు ఒక్కసారిగా గుండెకెళ్తాయి. బీపీ పడిపోవచ్చు, గుండె తడబడొచ్చు. ఆ అయిదారు నిమిషాలు నేనెవరితోనూ మాట్లాడను."

"మీకు భయమేస్తుందా?"

"ప్రతిసారీ," అంది. "భయమేసే డాక్టరే మీకు మంచిది."

కాగితం నాకిచ్చి వెళ్ళిపోయింది. మా ఆయన మొహం పాలిపోయింది. నాకు మాత్రం చాలా నెలల తర్వాత ఆకలేసింది.

ఆ రోజు

ఉదయం ఏడు కాకముందే రెండు స్ట్రెచర్లు పక్కపక్కన పెట్టారు. అక్క ఆకుపచ్చ గౌనులో, జుట్టంతా టోపీలో దోపుకుని, చిన్నపిల్లలా కనిపించింది. ఆగస్టులో అన్న మాటకు క్షమాపణ అడగాలని నోరు తెరిచాను.

"ఇప్పుడు కాదే. బయటికొచ్చాక తీరిగ్గా తిట్టుకుందాం," అంది. ఆవిణ్ణి ముందు తీసుకెళ్ళారు.

అక్కడి నుంచి నేను చూడలేదు. బయట హాల్లో మా ఆయన, బావ ఒకే బల్ల మీద ఆ చివరా ఈ చివరా కూర్చున్నారట. ఇద్దరి భార్యలూ లోపలే. ఏం మాట్లాడుకుంటారు? మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఎదురు బల్ల మీద మధిర వైపు నుంచి వచ్చిన ఒకామె ఉంది. ఆమె భర్తకు అంతకు మూడు వారాల ముందు ఆపరేషన్ అయింది, కాలేయం ఇచ్చింది వాళ్ళ పెద్ద కొడుకు. ఆమె డబ్బా తెరిచి ఇద్దరి చేతుల్లో రొట్టెలు పెట్టింది.

"తినుండ్రి. మీరు పడిపోతే వాళ్ళని చూసేదెవరు?"

తర్వాతి రోజుల్లో ఆమె నాకూ స్నేహితురాలైంది. ఒకసారి నేను అలవాటుగా "మాకు తాగుడు లేదండీ, ఊరికే వచ్చింది" అన్నాను. ఆమె నెమ్మదిగా జవాబిచ్చింది.

"మా ఆయన తాగిండు. తాగినోడు సచ్చిపోవాల్నా మరి?"

డిపోలో నేను గెలిచిన గెలుపు ఇలాంటివాళ్ళను కింద పడేసి గెలిచినదని అప్పుడు అర్థమైంది. ఆ రోజు నుంచి నా జబ్బు గురించి చెప్పేటప్పుడు ముందుగా తాగుడు లేదన్న మాట చెప్పడం మానేశాను. ఎవరైనా ఎగతాళిగా "తాగేవాళ్ళకే వస్తుందటగా" అంటే, "ఎవరికైనా వస్తుంది, ఎవరికొచ్చినా జబ్బే" అంటున్నాను.

ఫిబ్రవరి

కళ్ళు తెరిచేసరికి గొంతులో గొట్టం ఉంది. మాట రాదు. చేత్తో రాస్తున్నట్టు చూపించాను. నర్సు అట్ట మీద కాగితం పెట్టింది. "అక్క" అని రాశాను. అక్షరాలు నిటారుగా వచ్చాయి. అది నా చేతిరాతే.

"మీ అక్కగారా? పొద్దున్నుంచి కాఫీ అడుగుతూ ప్రాణాలు తీస్తున్నారు," అంది నర్సు.

గొట్టం తీశాక మత్తు డాక్టరమ్మ వచ్చింది. "మీరు అడిగారు కదా, అందుకని చెప్పిపోదామని వచ్చా" అంటూ మొదలుపెట్టింది. కాలేయం లేకుండా గంటా పది నిమిషాలు ఉన్నానట. రక్తం వదలగానే అనుకున్నట్టే బీపీ పడిపోయింది, గుండె మందగించింది. మందులిచ్చి నిలబెట్టారు. తర్వాత బూడిదరంగులో ఉన్న కాలేయం చూస్తుండగా గులాబీరంగుకు తిరిగిందట. కాసేపటికి బంగారంలాంటి పైత్యరసం చుక్క బయటికొచ్చింది. "అది చూశాకే నేను మంచినీళ్ళు తాగాను," అంది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

నేను రోజురోజుకూ కోలుకున్నాను. దెబ్బ అక్కకు తగిలింది. కోసినచోట నుంచి పైత్యం కారడం మొదలై జ్వరం పట్టుకుంది. పక్కటెముకల కింద గొట్టం వేశారు. ఇంటికెళ్ళాల్సిన మనిషి నాలుగు వారాలు మంచం మీద ఉంది. బావ నా గది ముందునుంచి వెళ్తూ లోపలికి చూసేవాడు కాదు. ఆయన్ను తప్పు పట్టలేను. నన్ను బాగుచెయ్యడానికి వచ్చిన మనిషి నా వల్ల పోతే, నేను బతికి ఏం చేసుకోను?

తొమ్మిదో రోజున నర్సు వద్దంటున్నా సెలైను స్టాండు తోసుకుంటూ అక్క గదిదాకా నడిచాను. ముప్పై అడుగులకు పావుగంట పట్టింది. గుమ్మంలో మాస్కుతో నిలబడి, ముందే అనుకున్న మాటలు చెప్పాను. ఆగస్టులో అన్నది తప్పని, పసరు నేనే తాగానని, కోపం ఎవరి మీద చూపించాలో తెలియక నీ మీద చూపించానని.

అక్క కళ్ళు మూసుకునే వింది. "నీకు కొత్తది పెట్టారు, నాకున్నది కోశారు. నొప్పి నాకే ఎక్కువగా ఉందే," అంది. తర్వాత కళ్ళు తెరిచి, "నేనూ అడిగి చూసుకోకుండా తీసుకెళ్ళా. అది నాకు రోజూ గుర్తొస్తానే ఉంటది. నువ్వు అనకపోయినా గుర్తొచ్చేది. ఇక చాల్లే, వెళ్ళి పడుకో," అంది.

అక్క మంచం పక్కన కూర్చున్న బావ లేచి నా స్టాండు పట్టుకుని నన్ను నా గది దాకా నడిపించాడు.

మార్చి నెలాఖరుకు అక్క గొట్టం తీసేశారు. నేను ఆసుపత్రి దగ్గర అద్దె గదిలో ఇంకో నెలన్నర ఉండి, మే నెలలో జగ్గయ్యపేట చేరాను.

ఇప్పుడు

నేను ఆరోగ్యవంతురాలినని అబద్ధం చెప్పను. పొద్దున, సాయంత్రం గడియారం చూసి మందులు మింగాలి, బతికినంతకాలం. ఒకసారి నా ఒళ్ళు కొత్త కాలేయాన్ని తోసెయ్యబోయింది, మందులు పెంచి ఆపారు. చేతులు సన్నగా వణుకుతాయి. జనంలో మాస్కు తియ్యను.

ఏడాది సెలవు తర్వాత డిపోకు వెళ్ళినప్పుడు ఒక అధికారి మంచి మనసుతోనే, స్వచ్ఛందంగా రిటైరవమని సలహా ఇచ్చారు. "ఎందుకండీ శ్రమ, ఇంటిపట్టున ఉండండి" అన్నారు. ఇంటిపట్టున ఉండటానికి ఇంతమంది ఇంత కష్టపడలేదని చెప్పాను. డాక్టరు కాగితం చూపించాను. ఆరు నెలలు బుకింగ్ కౌంటర్లో కూర్చోబెట్టారు. తర్వాత నేను మళ్ళీ బస్సెక్కాను.

ఒక్క హెచ్చరిక చెప్పి ముగిస్తాను. కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించుకోండి. ఎవరేమిచ్చినా అది తెలిశాకే. మా అక్క ఇప్పుడు ఊళ్ళో ఎవరికి కామెర్లు వచ్చాయని విన్నా, వాళ్ళింటికెళ్ళి గుమ్మంలో కూర్చుంటుంది, పరీక్షకు బయల్దేరేదాకా లేవదు.

పోయిన నెల బంధువులింట్లో గృహప్రవేశానికి వెళ్ళాం. నేనూ అక్కా పక్కపక్కన కూర్చుని భోంచేస్తున్నాం. స్కాన్‌లో ఇద్దరి కాలేయాలూ మళ్ళీ పూర్తిగా పెరిగాయని చెప్పారు, అక్క మళ్ళీ నెయ్యి మొదలుపెట్టింది, నేను దాని మీద గొడవ పడుతున్నాను. ఎదుటి వరసలో మాకు వరసకు బాబాయి అయ్యే ఆయన ఉన్నాడు. నేను స్పృహ లేకుండా పడున్నప్పుడు చివరి చూపుకు వచ్చిన వాళ్ళలో ఆయనొకడు. పదిమంది వినేలా అడిగాడు.

"ఏమ్మా తిరుపతమ్మా, ఇంకెన్నేళ్ళుంటావని చెప్పారు డాక్టర్లు?"

"నాకేం చెప్పలేదు బాబాయ్," అన్నాను. "నీకు చెప్పారా?"

ఆయన వడ్డించేవాళ్ళ కోసం అటూ ఇటూ చూశాడు. అక్క నవ్వాపుకోలేక ఎడమచేత్తో పక్క నొక్కి పట్టుకుంది. కుట్లు పడినచోట ఇప్పటికీ లాగుతుంది.

"నవ్వించకే తల్లీ," అంది. "నీకిచ్చినచోటే నొప్పి పుడతంది."